పొరుగు నగరంలో ప్రయాణ కార్డు

ప్రయాణ కార్డు అంటే బస్సు, మెట్రో చార్జీల కోసం ముందుగానే డబ్బు వేసి ఉంచుకునే చిన్న ప్లాస్టిక్ కార్డు. యంత్రానికి తాకిస్తే చార్జీ అందులోంచి తగ్గిపోతుంది. క్యూలో నిలబడనక్కర్లేదు, చిల్లర వెతుక్కోనక్కర్లేదు. సొంత ఊళ్లో రోజూ తిరిగేవారికి దీని గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. సందేహాలన్నీ పని మీద నాలుగు రోజులు పొరుగు నగరానికి వెళ్లినవారికే. కార్డు కొనాలా, టికెట్టు సరిపోతుందా? కొంటే ఎందులో చెల్లుతుంది? వేసిన డబ్బు ఎక్కడ ఉంటుంది? తిరిగి వెళ్లేటప్పుడు మిగిలింది ఏమవుతుంది? ఊరు మారితే జవాబులూ మారతాయి. తెలుగువారి రాకపోకలు ఎక్కువగా ఉండే చెన్నైలో, అందులోనూ ఉత్తర చెన్నైలోని వాషర్‌మెన్‌పేట్ పరిసరాల్లో ఆ జవాబులు ఎలా ఉన్నాయో వరుసగా చూడవచ్చు.

వాషర్‌మెన్‌పేట్‌కు తెలుగు ప్రాంతాల నుంచి మూడు దారులున్నాయి. విజయవాడ, హైదరాబాద్ వైపు నుంచి రైల్లో వచ్చేవారిలో చాలామంది చెన్నై సెంట్రల్‌లో దిగుతారు. తిరుపతి జిల్లా సూళ్లూరుపేట నుంచి, దానికి ఇవతల గుమ్మిడిపూండి నుంచి సబర్బన్ రైళ్లు తిరువొత్తియూరు, తండయార్‌పేట, కొరుక్కుపేట మీదుగా నగరంలోకి వస్తాయి. ఆంధ్ర, తెలంగాణ బస్సుల కోసం 2018 అక్టోబరులో మాధవరంలో ప్రత్యేకంగా ఒక బస్ టెర్మినస్ తెరిచారు. ఇలా వచ్చేవారి పనులూ తెలిసినవే. పెళ్లిబట్టలకూ రెడీమేడ్ దుస్తులకూ ఎం.సి. రోడ్డు, వైద్యానికి దగ్గరలోని స్టాన్లీ ఆసుపత్రి, వీటికి తోడు చుట్టుపక్కల పేటల్లో తరతరాలుగా స్థిరపడిన బంధువుల ఇళ్లు. కొందరు ఏడాదికి ఒకసారి వస్తారు, కొందరు నెలనెలా వస్తారు. కార్డు ఎవరికి లాభమో తేల్చేది ముఖ్యంగా ఈ తేడాయే.

ఈ తరహా కార్డులు ప్రపంచంలో విస్తృతంగా వాడుకలోకి వచ్చి పాతికేళ్లు దాటింది. హాంగ్‌కాంగ్‌లో ఆక్టోపస్ కార్డు 1997 సెప్టెంబరులో మొదలైంది. టోక్యోలో సుయికా 2001లో, సింగపూర్‌లో ఈజీలింక్ 2002లో, లండన్‌లో ఆయిస్టర్ 2003లో, దుబాయిలో మెట్రోతో పాటే నోల్ కార్డు 2009లో వచ్చాయి. పేర్లు వేరైనా పనిచేసే తీరు దాదాపు ఒకటే. కార్డు లోపల ఒక చిప్, దాని చుట్టూ సన్నని తీగచుట్ట ఉంటాయి. కార్డులో బ్యాటరీ ఉండదు. గేటు దగ్గరి యంత్రం వెలువరించే అయస్కాంత క్షేత్రంలోకి వచ్చినప్పుడు తీగచుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుట్టి చిప్ మేలుకుంటుంది. కార్డూ యంత్రమూ ఒకదాన్నొకటి సరిచూసుకుని, చిప్‌లోని నిల్వను మార్చి రాసుకుంటాయి. ఇదంతా కొన్ని అంగుళాల దూరంలో, సెకనులోపే జరిగిపోతుంది. అందుకే కార్డును యంత్రం మీద ఒక క్షణం కదలకుండా ఉంచాలి. దూరం నుంచి ఊపినా, గబుక్కున వెనక్కి లాక్కున్నా గేటు తెరుచుకోదు.

చెన్నై మెట్రోలో మొదటి రైలు 2015 జూన్ 29న ఆలందూరు, కోయంబేడు మధ్య నడిచింది. వాషర్‌మెన్‌పేట్‌కు మెట్రో 2019 ఫిబ్రవరి 10న చేరింది. ఆ రోజుతో విమానాశ్రయం నుంచి సెంట్రల్ మీదుగా ఇక్కడి దాకా దారి పూర్తయింది. 2021 ఫిబ్రవరి 14న ఇదే దారిని ఉత్తరంగా మరో 9 కిలోమీటర్లు, విమ్కో నగర్ వరకూ పొడిగించారు. మొదట్లో మెట్రోకు తనదైన కార్డు ఉండేది. అది మెట్రోలో తప్ప మరెక్కడా చెల్లేది కాదు. హైదరాబాద్ మెట్రో ప్రయాణికులకు తెలిసిన నెబ్యులా కార్డు కూడా అలాంటిదే. అలాంటి కార్డు ఊరు దాటితే జేబులో బరువు మాత్రమే.

ఈ ఇబ్బందిని తీర్చడానికే కేంద్ర ప్రభుత్వం నేషనల్ కామన్ మొబిలిటీ కార్డును తెచ్చింది. దీన్ని 2019 మార్చి 4న అహ్మదాబాద్‌లో ప్రారంభించారు. రూపే చిప్ మీద నడిచే ఈ కార్డును ఏ బ్యాంకు ఇచ్చినా, ఆ విధానంలో చేరిన ఏ నగరంలోనైనా చెల్లాలన్నది ఉద్దేశం. చెన్నై మెట్రో, స్టేట్ బ్యాంకుతో కలిసి 2023 ఏప్రిల్ 14న ఇదే విధానంలో సింగార చెన్నై కార్డును విడుదల చేసింది. 2025 జనవరిలో ఇది సిటీ బస్సులకూ విస్తరించింది. అదే ఏడాది ఆగస్టు 1 నుంచి మెట్రో తన పాత కార్డుకు రీచార్జి ఆపేసి, ప్రయాణికులను కొత్త కార్డుకు మళ్లించింది. అంటే ఈనాడు చెన్నైకి వచ్చే మనిషి అడిగి తీసుకోవలసింది సింగార చెన్నై కార్డునే. బంధువుల ఇంట్లో పాత మెట్రో కార్డు దొరికితే దాన్ని నమ్ముకుని బయలుదేరకూడదు.

కార్డు మెట్రో స్టేషన్ కౌంటర్లలో దొరుకుతుంది. తీసుకునేటప్పుడు సెల్‌ఫోన్‌నూ ఒక గుర్తింపు పత్రాన్నీ దగ్గర ఉంచుకోవాలి. ఇంటి నుంచి నలుగురు వస్తే నాలుగు కార్డులు కావాలి. లోపలికి వెళ్లిన కార్డే బయటికీ రావాలి కాబట్టి మెట్రో గేటు దగ్గర ఒకరి కార్డుతో ఇద్దరు వెళ్లడానికి కుదరదు. కార్డు కొనేముందు సొంత పర్సులో ఉన్న బ్యాంకు కార్డును ఒకసారి తిప్పి చూడటం మంచిది. ఇటీవలి సంవత్సరాల్లో బ్యాంకులు ఇస్తున్న రూపే డెబిట్ కార్డుల్లో చాలావాటికి నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు సదుపాయం జోడించే ఉంటోంది. దాని గుర్తు కార్డు మీదే ముద్రించి ఉంటుంది. ఆ సదుపాయాన్ని పనిచేయించి, ప్రయాణ నిల్వలో డబ్బు వేసుకుంటే నెల్లూరులో తీసుకున్న కార్డు కూడా చెన్నై మెట్రో గేటును తెరుస్తుంది.

ఇక డబ్బు సంగతి. కొత్తవారు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. ఈ కార్డులో డబ్బుకు రెండు చోట్లున్నాయి. ఒకటి బ్యాంకు దగ్గర ఉండే ఖాతా. రెండోది కార్డు చిప్ మీదే ఉండే ప్రయాణ నిల్వ. గేటు చూసేది రెండోదాన్నే. రైలెక్కే వేళ గేటుకు బ్యాంకును అడిగే తీరిక ఉండదు కనుక, చిప్‌లో ఉన్న అంకెనే నమ్ముతుంది. కౌంటర్లో నగదు ఇచ్చి రీచార్జి చేయించుకుంటే డబ్బు నేరుగా చిప్‌లోకి చేరుతుంది. ఫోన్ ద్వారానో ఇంటర్నెట్ ద్వారానో వేస్తే అది ముందు బ్యాంకు దగ్గర ఆగుతుంది. స్టేషన్‌లోని యంత్రం దగ్గర కార్డు పెట్టి ఆ మొత్తాన్ని చిప్ మీద రాయించుకున్నాకే ప్రయాణానికి పనికొస్తుంది. ఫోన్లో డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చినా గేటు తెరుచుకోకపోతే కారణం సాధారణంగా ఇదే.

ప్రయాణ నిల్వలో గరిష్ఠంగా 2,000 రూపాయలు ఉంచవచ్చు. అంత వేయడం మాత్రం కొత్తవారికి అనవసరం. చిప్‌లోని డబ్బు జేబులోని నోటు లాంటిది. కార్డు పోతే దొరికినవాళ్లు వాడుకోవచ్చు. బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతాను ఆపించగలరు గానీ చిప్‌లో ఉన్న మొత్తాన్ని వెనక్కి తెప్పించలేరు. రెండు మూడు రోజుల తిరుగుడుకు సరిపడా వేయించుకుని, అవసరమైతే మళ్లీ వేయించుకోవడమే మేలు.

మెట్రోలో కార్డును రెండుసార్లు తాకించాలి, ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి. లోపలికి వెళ్లేటప్పుడు గేటు ఎక్కిన స్టేషన్‌ను చిప్ మీద రాస్తుంది. బయటికి వచ్చేటప్పుడు దూరం లెక్కగట్టి చార్జీ తీసుకుంటుంది. లోపలికి వెళ్లేటప్పుడే కార్డులో కనీస నిల్వ ఉండాలి. చెన్నైలో నీలి మార్గం, ఆకుపచ్చ మార్గం సెంట్రల్‌లోనూ ఆలందూరులోనూ కలుస్తాయి. ఒక మార్గం నుంచి మరో మార్గానికి మారేటప్పుడు గేటు దాటి బయటికి రానక్కర్లేదు. వాషర్‌మెన్‌పేట్‌లో ఎక్కి కోయంబేడు వెళ్లాలంటే సెంట్రల్‌లో దిగి, సూచికలు చూసుకుంటూ ఆకుపచ్చ మార్గం రైలెక్కితే సరిపోతుంది. చార్జీ ఒకే ప్రయాణంగా పడుతుంది.

2021 ఫిబ్రవరిలో సవరించిన లెక్క ప్రకారం మెట్రో చార్జీ కనీసం 10 రూపాయలు, గరిష్ఠం 50 రూపాయలు. కార్డుతో వెళ్తే అందులో 20 శాతం తగ్గుతుంది. అంటే 50 రూపాయల ప్రయాణం 40కి, 10 రూపాయల ప్రయాణం 8కి వస్తుంది. ఇదే రాయితీ ఫోన్లో తీసుకునే క్యూఆర్ టికెట్టుకూ ఉంది. కౌంటర్లో నగదు ఇచ్చి తీసుకునే కాగితపు టికెట్టుకు మాత్రం లేదు.

వాషర్‌మెన్‌పేట్ ప్రాంతంలో కార్డు వాడేవారు స్టేషన్ పేర్ల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. సెంట్రల్ నుంచి ఉత్తరంగా హైకోర్టు, మన్నడి, ఆ తర్వాత వాషర్‌మెన్‌పేట్ వస్తాయి. అక్కడితో పేట అయిపోలేదు. త్యాగరాయ కళాశాల, తండయార్‌పేట దాటాక న్యూ వాషర్‌మెన్‌పేట్ అనే మరో స్టేషన్ ఉంది. పాత పేటలోని ఎం.సి. రోడ్డుకు వెళ్లాల్సినవారు కొత్త పేటలో దిగితే వెనక్కి రావడానికి మళ్లీ చార్జీ పెట్టుకోవాలి. ఇలాంటి తికమకే త్యాగరాయ అన్న పేరుతోనూ ఉంది. తెలుగు దేవాంగుల కుటుంబంలో పుట్టి, జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరై, మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా పనిచేసిన పిట్టి త్యాగరాయ చెట్టి పేరే ఉత్తరాన ఈ కళాశాలకూ, దక్షిణాన టి.నగర్‌గా పిలిచే త్యాగరాయనగర్‌కూ పెట్టారు. పట్టుచీరల దుకాణాల కోసం టి.నగర్ వెళ్లాలనుకున్నవారు త్యాగరాయ కళాశాల స్టేషన్‌కు టికెట్టు తీసుకుంటే ఊరికి రెండో కొసన తేలతారు.

సిటీ బస్సులో పద్ధతి వేరు. మెట్రోపాలిటన్ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ బస్సుల్లో గేటు ఉండదు, కండక్టరు చేతిలో టికెట్టు యంత్రం ఉంటుంది. దిగాల్సిన చోటు చెబితే కండక్టరు యంత్రంలో నమోదు చేస్తారు. కార్డు తాకిస్తే చార్జీ తగ్గి టికెట్టు వస్తుంది. దిగేటప్పుడు మళ్లీ తాకించే పని లేదు. చెన్నై బస్సుల్లో ఒక పాత అలవాటుంది. కండక్టరు తన సీటు దగ్గరే ఉంటే, ప్రయాణికులు డబ్బును చేతుల మీదుగా అందిస్తారు, టికెట్టూ చిల్లరా అదే దారిలో వెనక్కి వస్తాయి. నోటుకు సాగిన ఈ పద్ధతిని కార్డుకు వర్తింపజేయకూడదు. ఎవరి కార్డును వారే యంత్రం దాకా తీసుకువెళ్లి తాకించాలి, లేదంటే కండక్టరు దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. రద్దీలో అది కుదరదనుకుంటే చిన్న నోట్లు దగ్గర ఉంచుకోవడమే సులువు. తెల్లబోర్డు పెట్టిన సాధారణ బస్సుల్లో మహిళలకు 2021 మే నుంచి చార్జీ లేదు. కాబట్టి ఆ బస్సుల్లోనే తిరిగే మహిళలకు బస్సు కోసం కార్డు అవసరం రాదు. మాధవరంలో దిగినవారికి ఇది గుర్తుంచుకోదగిన సంగతి. అక్కడ మెట్రో రెండో దశ పనులు సాగుతున్నా, నగరంలోకి రావడానికి ఇప్పటిదాకా ఆధారం సిటీ బస్సే.

సబర్బన్ రైళ్లకు ఈ కార్డు పనికిరాదు. వాషర్‌మెన్‌పేట్‌లో మెట్రో స్టేషన్ ఉన్నట్టే రైల్వే స్టేషన్ కూడా ఉంది. తిరువొత్తియూరు, విమ్కో నగర్, తండయార్‌పేట పేర్లతోనూ రెండు రకాల స్టేషన్లున్నాయి. పేరు ఒకటే కావడంతో, మెట్రో కార్డుతోనే సూళ్లూరుపేట రైలెక్కవచ్చని కొత్తవారు అనుకునే ప్రమాదం ఉంది. రైల్వే స్టేషన్‌లో తాకించే గేట్లు లేవు, టికెట్టు అడిగేది తనిఖీ సిబ్బందే. టికెట్టు లేకుండా దొరికితే జేబులో నిండు కార్డు ఉన్నా జరిమానా తప్పదు. ఈ రైళ్లకు కౌంటర్లో గానీ, టికెట్ల యంత్రంలో గానీ, రైల్వే వారి ఫోన్ యాప్‌లో గానీ విడిగా టికెట్టు తీసుకోవాలి.

కార్డుకు ప్రత్యామ్నాయం ఫోన్. మెట్రో క్యూఆర్ టికెట్టును మెట్రో యాప్‌లోనూ, 2023 మే నుంచి వాట్సాప్‌లోనూ తీసుకోవచ్చు. బస్సు కండక్టరు యంత్రాల్లో యూపీఐ చెల్లింపులూ వచ్చాయి. 2025 సెప్టెంబరు 22న చెన్నై వన్ యాప్ మొదలైంది. బస్సు, మెట్రో, సబర్బన్ రైలు మూడింటి టికెట్లనూ ఒకేచోట తీసుకునే వీలు దీనితో కలిగింది. ప్లాస్టిక్ కార్డు చేరలేని సబర్బన్ రైలును ఈ యాప్ చేరుకుంది. ఫోన్ చార్జింగు అయిపోతే మాత్రం ఇవేవీ పనిచేయవు. స్మార్ట్‌ఫోన్ వాడని పెద్దవారికీ ఇవి అందవు. కార్డుకు చార్జింగూ అక్కర్లేదు, నెట్‌వర్కూ అక్కర్లేదు. దాని అసలు బలం అక్కడే ఉంది.

విదేశాల నుంచి వచ్చే తెలుగువారికి ఇంకో హెచ్చరిక కావాలి. లండన్‌లో బ్యాంకు కార్డునే గేటుకు తాకించి వెళ్లిపోవచ్చు. అక్కడి బస్సుల్లో 2014 జులై నుంచి నగదు తీసుకోవడమే మానేశారు. అదే ఏడాది సెప్టెంబరు నుంచి భూగర్భ రైళ్లలోనూ బ్యాంకు కార్డులు చెల్లుతున్నాయి. ఒక రోజులో ఎంత తిరిగినా చార్జీ ఒక పరిమితి దాటదు. అయితే ఆ లెక్క సరిగా పడాలంటే రోజంతా ఒకే కార్డు వాడాలి. పొద్దున కార్డు, సాయంత్రం ఫోన్ తాకిస్తే యంత్రం వాటిని ఇద్దరు మనుషులుగా లెక్కిస్తుంది. సింగపూర్‌లోనూ విదేశీ బ్యాంకు కార్డులు చెల్లుతాయి గానీ, వాడిన ప్రతి రోజుకూ 60 సెంట్ల రుసుము పడుతుంది. అందుకే ఎక్కువ రోజులు ఉండేవారు అక్కడి కార్డునే కొనుక్కుంటారు. ఈ అలవాటుతో చెన్నైకి వచ్చి విదేశీ కార్డును గేటుకు తాకిస్తే ఫలితం ఉండదు. ఇక్కడి గేటుకు కావలసింది రూపే ప్రయాణ చిప్ గానీ, క్యూఆర్ టికెట్టు గానీ.

చివరగా, వెళ్లిపోయేటప్పుడు మిగిలే డబ్బు. హాంగ్‌కాంగ్‌లో సాధారణ ఆక్టోపస్ కార్డుకు 50 డాలర్ల డిపాజిట్ తీసుకుంటారు. కార్డు తిరిగి ఇస్తే డిపాజిట్టూ నిల్వా చేతికి వస్తాయి. మరీ తొందరగా ఇస్తే కొంత రుసుము పట్టుకుంటారు. దుబాయిలో వెండిరంగు నోల్ కార్డు ధర 25 దిర్హాములైతే అందులో 19 ప్రయాణానికి ఉంటాయి, మిగతాది కార్డు ఖరీదు. మన దేశంలో ప్రజా రవాణా కోసమే ఇచ్చే ప్రీపెయిడ్ కార్డులకు రిజర్వు బ్యాంకు నియమాలు స్పష్టంగా ఉన్నాయి. అలాంటి కార్డులో 3,000 రూపాయలకు మించి ఉండకూడదు. వేసిన డబ్బును నగదుగా తీసుకోవడానికి గానీ, వాపసు కోరడానికి గానీ, మరొకరికి బదిలీ చేయడానికి గానీ వీల్లేదు. అందువల్ల చెన్నైలో వేయించిన డబ్బును ప్రయాణాలతోనే ఖర్చు పెట్టాలని ముందే అనుకోవాలి. మిగిలిన నిల్వను మళ్లీ వచ్చినప్పుడు వాడుకోవచ్చు. ఇదే విధానంలో చేరిన బెంగళూరు, ఢిల్లీ, ముంబై మెట్రోలకు వెళ్లే పని ఉంటే అక్కడా వాడుకోవచ్చు.

ఇవన్నీ కలిపి చూస్తే తీర్పు తేలిగ్గానే వస్తుంది. ఒక రోజు పనికి వచ్చి సెంట్రల్ నుంచి వాషర్‌మెన్‌పేట్‌కు వెళ్లి వచ్చేవారికి కార్డుతో అదనంగా ఒరిగేదేమీ లేదు. ఫోన్లో తీసుకున్న క్యూఆర్ టికెట్టుకూ అదే రాయితీ వస్తుంది, వెనుక డబ్బు మిగిలిపోదు. సరుకు కోసమో చికిత్స కోసమో నెలనెలా వచ్చేవారికీ, ఫోన్‌తో టికెట్టు తీసుకోలేని పెద్దవారికీ, బస్సూ మెట్రో మార్చి మార్చి తిరిగేవారికీ కార్డు కొనడమే మంచిది. ఎవరు కొన్నా కొద్ది మొత్తమే వేయించాలి. అది ఎందులో చెల్లుతుందో, ఎందులో చెల్లదో కౌంటర్ దగ్గరే అడిగి తెలుసుకోవాలి. సబర్బన్ రైలెక్కేటప్పుడు మాత్రం టికెట్టు మరిచిపోకూడదు.